సముద్రపు నాచు పొడి బస్తాపై అయోడిన్ వివరాలు లేకపోవడంపై ఫిర్యాదు

నాణ్యతా విభాగం అధికారి గారికి,

విషయం: మీ సంస్థ అమ్ముతున్న నాచు పొడి బస్తాపై నాచు జాతి, అయోడిన్ పరిమాణం ముద్రించకపోవడం, పొడి వాడిన పశువులకు కలిగిన ఇబ్బంది.

అయ్యా,

మీ నాచు పొడిని మా పాడి గేదెల దాణాలో కలిపి పెట్టాం. బస్తా మీద రాసినట్టే పశువుకు రోజుకు 100 గ్రాములు, బస్తాలో మీరు పెట్టిన గరిటెతోనే కొలిచి వేశాం. కొన్నాళ్ళు బాగానే తిన్నాయి. తర్వాత ఒక్కొక్క గేదెకూ కళ్ళ వెంట నీరు కారడం మొదలైంది. ముక్కు నుంచి పలచగా చీమిడి, ఆగి ఆగి పొడిదగ్గు. మెడ మీద చేత్తో నిమిరితే చర్మం పొట్టులా రాలి అరచేతికి అంటుకునేది. జ్వరం మాత్రం లేదు.

పశువైద్యులు వచ్చి చూసి, మందు రాయకముందే దాణాలో కొత్తగా ఏం కలుపుతున్నారని అడిగారు. బస్తా తెచ్చి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో అయోడిన్ ఎంతో రాయలేదే" అన్నారు. అయోడిన్ మితిమీరితే పశువుల్లో కనిపించే లక్షణాలు ఇవేనని చెప్పి, పొడి ఆపించారు. ఆపాక తగ్గుముఖం పట్టాయి. ఈ ఒక్కదాన్ని బట్టే నేరం మీదేనని నేను తీర్పు చెప్పడం లేదు. కానీ తేల్చుకోవడానికి కావలసిన అంకె మీ దగ్గర ఉండాలి. అది బస్తా మీదికి ఎందుకు రాలేదన్నదే నా ఫిర్యాదు.

ఆ అంకె ఎందుకంత ముఖ్యమో లెక్క వేసి చూడండి. పాలిచ్చే పశువుకు తినే మేతలో, తడి తీసేసిన బరువు లెక్కన, కిలోకు సుమారు అర మిల్లీగ్రాము అయోడిన్ చాలు. రోజుకు 12 కిలోలు తినే గేదెకు 6 మిల్లీగ్రాములు. గోధుమ రంగు నాచుల్లో ఆస్కోఫిల్లమ్ అనే రకంలో కిలోకు వందల మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. 600 ఉందనుకుంటే మీ 100 గ్రాముల గరిటెతోనే 60 మిల్లీగ్రాములు లోపలికి పోతాయి, అంటే అవసరానికి పది రెట్లు. అదే లామినేరియా రకమైతే కిలోకు వేల మిల్లీగ్రాములు ఉండవచ్చు. ఇక ఆ గరిటె సంగతి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. దీనికి తోడు మినరల్ మిక్చర్ (ఖనిజ లవణాల పొడి) వేయని పాడి రైతు అరుదు, అందులోనూ అయోడిన్ ఉంటుంది. రెండూ కలిపి పెట్టవద్దన్న హెచ్చరిక మీ బస్తా మీద ఒక్క ముక్క లేదు.

ఈ అయోడిన్ గేదె ఒంట్లోనే ఆగిపోదు, పాలలోకీ దిగుతుంది. అందుకే ఐరోపా సమాఖ్య 2005లో పాడి పశువులకు, గుడ్లు పెట్టే కోళ్ళకు సంపూర్ణ దాణాలో అయోడిన్ గరిష్ఠ పరిమితిని కిలోకు 10 మిల్లీగ్రాముల నుంచి 5కి తగ్గించింది. చూడి పశువుల విషయం ఇంకా సున్నితం. ఈనే ముందు తల్లి గొర్రెలకు అయోడిన్ ఎక్కువగా పెడితే, పుట్టిన పిల్లలు ముర్రుపాలలోని రక్షక పదార్థాలను సరిగా ఒంటబట్టించుకోలేకపోయాయని ఐర్లండ్ పరిశోధనల్లో తేలింది. మీ బస్తా మీద మాత్రం "చూడి పశువులకు ప్రత్యేకం" అని పెద్ద అక్షరాలు!

ఇదంతా మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి చెబితే, "ఇది సహజమైనది సార్, హాని ఉండదు" అన్నారు. ఉమ్మెత్తకాయ కూడా సహజమైనదే.

మీ కరపత్రం గురించి కూడా చెప్పాలి. నాచు వల్ల పశువులు త్రేన్పుల్లో వదిలే, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు 80 శాతం తగ్గుతుందని అందులో వేశారు. 2021లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు మాంసపు కోడెల మీద ప్రచురించిన పరిశోధనలో కొన్ని రకాల మేతలతో అంత తగ్గుదల కనిపించిన మాట నిజమే. కానీ అది ఆస్పరాగోప్సిస్ అనే ఎర్ర నాచు. అందులోని బ్రోమోఫామ్ అనే రసాయనం, పశువు పొట్టలో మీథేన్ తయారయ్యే చివరి దశను అడ్డుకుంటుంది. గోధుమ రంగు నాచుకు ఆ ఫలితాన్ని అంటగట్టడం కుదరదు. మీ బస్తాలో ఉన్నది ఏ నాచో మీరు చెప్పలేదు గానీ, పొడి రంగు చూస్తే ఎర్ర నాచులా లేదు.

అదే కరపత్రంలో స్కాట్లండ్‌లోని నార్త్ రొనాల్డ్‌సే దీవి గొర్రెల బొమ్మ వేసి, నాచు తినే ఆరోగ్యంగా ఉన్నాయన్నారు. 1832లో కట్టిన గోడకు అవతల, సముద్రపు ఒడ్డున, తరతరాలుగా నాచు మేసి అలవాటుపడ్డ జాతి అది. నాచులో రాగి (కాపర్) తక్కువ. దొరికిన కాస్త రాగినే గట్టిగా పట్టుకునేలా వాటి ఒళ్ళు మారిపోయింది. ఎంతగా అంటే మామూలు గడ్డిలోని రాగి కూడా వాటికి విషమవుతుంది. ఆ గొర్రెలను చూపించి మా గేదెలకు పెట్టమనడం ఏం న్యాయం?

నేను నాచుకు వ్యతిరేకిని కాను. గోధుమ నాచుల్లోని లామినారిన్ అనే పిండిపదార్థం పాలు మాన్పించిన పందిపిల్లల పేగులకు మేలు చేస్తుందని చదివాను. ఖనిజాలు ఉన్న మాటా నిజమే. రకం, మోతాదు తెలిసి పెడితే నాకు అభ్యంతరం లేదు.

కాబట్టి, ఈ బ్యాచ్‌లోని నాచు జాతి పేరు, ఎక్కడ సేకరించారు, అయోడిన్, ఉప్పు, మొత్తం ఆర్సెనిక్ (పాషాణం), అందులో నిరింద్రియ ఆర్సెనిక్ ఎంతెంతో తెలిపే ప్రయోగశాల నివేదిక నకలు పంపండి. ఆర్సెనిక్‌ను విడదీసి అడగడానికి కారణముంది. చాలా నాచుల్లో అది ఎక్కువగా అంత ప్రమాదం లేని సేంద్రియ రూపంలోనే ఉంటుంది. జపాన్‌లో తినే హిజికి నాచు లాంటి కొన్నింట్లో మాత్రం విషపూరితమైన నిరింద్రియ రూపమే ఎక్కువ. మొత్తం అంకె ఒక్కటే ఇస్తే నాకు ఉపయోగం లేదు. నివేదిక లేదంటే పరీక్ష చేయకుండానే అమ్ముతున్నారని అనుకోవాల్సి వస్తుంది.

ఇకపై వచ్చే బస్తాల మీద ఈ వివరాలు, మినరల్ మిక్చర్‌తో కలిపి వాడటంపై హెచ్చరిక ముద్రించాలి. "చూడి పశువులకు ప్రత్యేకం" అన్న మాట తీసేయాలి. విప్పని బస్తాలు వెనక్కి తీసుకుని డబ్బు వాపసు ఇవ్వాలి, పశువైద్యుల ఖర్చు కూడా మీరే భరించాలి. కొన్న రసీదు, బస్తా మీది బ్యాచ్ నంబరు ఫోటో, పశువైద్యుల చీటీ నకళ్ళు జతచేస్తున్నాను. విప్పిన బస్తాలోంచి కొంత పొడిని సీలు వేసి దాచాను. పదిహేను రోజుల్లో మీ జవాబు రాకపోతే దాన్ని నేనే ప్రయోగశాలకు పంపి, ఆ ఫలితంతో వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు, ఒక పాడి రైతు