ఒక గట్టు నడిచేవారికి వదలండి

సంపాదకులకు నమస్కారం.

కాలువ గట్లను రెండు వైపులా తారు రోడ్లుగా మారిస్తే మన గోదావరి డెల్టాలో రాకపోకల ఇబ్బంది చాలావరకు తీరుతుందని కోరుతూ ఒక పాఠకుడు ఇటీవల మీ పత్రికకు రాసిన లేఖ చదివాను. ఆయన చెప్పిన ఇబ్బంది నిజమైనదే. కోతల రోజుల్లో ధాన్యం లారీ ఎదురొస్తే ఆర్టీసీ బస్సు వెనక్కి వెళ్ళి దారి ఇవ్వవలసిన రోడ్లు మా మండలంలోనూ ఉన్నాయి. అయితే చాలా చోట్ల ఒక గట్టు ఇప్పటికే రోడ్డయింది. మిగిలిన రెండో గట్టును కూడా వాహనాలకు ఇచ్చేస్తే ఈ డెల్టాలో మనిషి నిశ్చింతగా పది మైళ్ళు నడవడానికి వీలున్న చివరి దారి కూడా పోతుంది. ఆ గట్టును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచేవారి కోసం ఉంచాలని ప్రభుత్వాన్ని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇది ఇంట్లో కూర్చుని రాస్తున్న మాట కాదు. మొన్న సంక్రాంతి దాటాక, దాళ్వా (రెండో పంట) నాట్లకు కాలువలు నిండుగా పారుతున్న రోజుల్లో, నేనూ మా బావమరిదీ బొబ్బర్లంక దగ్గర, గోదావరి నీటిని కాలువలోకి వదిలే హెడ్ స్లూయిజు నుంచి బయలుదేరి, ఆత్రేయపురం, లొల్ల లాకుల మీదుగా, గన్నవరం కాలువ వెంట, కాలువను నది మీదుగా దాటించే పి.గన్నవరం అక్విడక్టు దాకా మూడు రోజులు నడిచాము. చేతిలో చెరొక సంచీ, ఒక గొడుగు, భుజాన తువ్వాలు తప్ప మా దగ్గర ప్రత్యేకమైన సరంజామా ఏమీ లేదు. నీరు పారే వైపుకే నడక గనుక ఎత్తుపల్లాల శ్రమ తెలియలేదు. మొదటి రోజు పొద్దున రేవులో బిందె తోముకుంటున్న ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి, "వాడపల్లికాండీ, ఎన్నో వారం?" అని అడిగారు. ఏడు శనివారాల మొక్కుతో వేంకటేశ్వరస్వామి దర్శనానికి కాలినడకన వచ్చే భక్తులు ఆ ప్రాంతానికి కొత్త కాదు. ఏ మొక్కూ లేదమ్మా, కాలువ వెంట ఊరికే నడుస్తున్నామని చెబితే ఆవిడ ఒక క్షణం మా మొహాల కేసి చూసి, ఎండెక్కకముందే లాకుల దగ్గరికి చేరుకోమని, అక్కడ రావిచెట్టు నీడ ఉంటుందని చెప్పి పంపారు.

లొల్ల లాకులను సినిమా షూటింగుల వల్లనే ఎరిగినవారు ఈ రోజుల్లో ఎక్కువ. బొబ్బర్లంక నుంచి వచ్చే ప్రధాన కాలువ అక్కడే గన్నవరం కాలువ, అమలాపురం కాలువ మొదలైన శాఖలుగా చీలుతుంది. షట్టర్ల కింద నుంచి దూకే నీటి హోరులో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. అసలు లాకు అనేది ఎందుకు కట్టారో మా మనవలకు తెలియదు. మీ పాఠకుల్లోనూ తెలియనివారు ఉండవచ్చు గనుక చెబుతాను. కాలువ నీటిమట్టం ఒక్కసారిగా దిగే చోట పడవ దూకలేదు కాబట్టి, రాతి గోడల మధ్య తొట్టి లాంటి గది ఒకటి కట్టి, దానికి ఎగువన ఒక జత, దిగువన ఒక జత తలుపులు పెట్టేవారు. పడవ లోపలికి రాగానే ఎగువ తలుపులు మూసి దిగువ తూములు ఎత్తితే, గదిలోని నీటితోపాటు పడవ కూడా మెల్లగా కిందికి దిగి, తలుపులు తెరవగానే తన దారిన పోయేది. ఎదురు వచ్చే పడవకు ఇదే పని తలకిందులుగా జరిగేది.

ఆ పడవలను నడిపింది ఇంజన్లు కాదు, గట్టు మీద నడిచిన మనుషుల కాళ్ళు. మా మేనమామ వయసులో ఉండగా ధాన్యం పడవల మీద పనిచేశారు. గాలి వాటం ఉంటే తెరచాప ఎత్తేవారు, లోతు తక్కువైన చోట గెడ వేసేవారు, ఎదురు నీటిలో మాత్రం ఇద్దరు ముగ్గురు గట్టెక్కి, మోకు భుజానికి తగిలించుకుని, ముందుకు వంగి, అడుగులో అడుగు వేసుకుంటూ లాగేవారట. ఆయన ఎడమ భుజం మీద, మెడకు దగ్గరగా, అరచేతి వెడల్పున కాయకాచి నల్లబడిన చర్మం ఉండేది. చిన్నప్పుడు దానిని వేలితో నొక్కి చూడడం మాకు ఒక వేడుక. పనిమాని ముప్పై ఏళ్ళయినా అది మెత్తబడలేదు. ఇవాళ మనం తుమ్మకంపకూ చెత్తకూ వదిలేసిన గట్టు ఆ మనుషులు నడవడానికి వేసిన దారి.

సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేసిన ఆనకట్ట గురించి గోదావరి జిల్లాల వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా నది మీద నిలిచిన ఆ కట్టడాన్నీ, దాని స్థానంలో తరువాత వచ్చిన బ్యారేజీనీ మనం సాగునీటి కోసమే తలుచుకుంటాము. కాని కాటన్ తన కాలువలను పొలాలకు నీరిచ్చే బోదెలుగా మాత్రమే ఎన్నడూ చూడలేదు. సరుకు రవాణాకు రైలు కన్నా నీటిదారి చవక అని ఆయన తన జీవితమంతా వాదించారు. లాకులు ఆ వాదనకు నిలిచిన సాక్ష్యాలు. 1900లో హేవలాక్ వంతెన మీద రైళ్ళు గోదావరి దాటడం, ఆ తరువాత లారీలు రావడంతో పడవల పని క్రమంగా తగ్గి, చివరికి మా మేనమామ తరంతో ముగిసిపోయింది.

ఇలాంటి ఉత్తరం ఒకటి ఇంతకుముందు ఒక పత్రికకు వెళ్ళింది, దాని వల్ల ఒక గట్టు దక్కింది. అమెరికాలో పొటోమాక్ నది పక్కన చెసపీక్ అండ్ ఒహాయో కాలువ అని ఒకటి ఉంది. 1828లో తవ్వకం మొదలై 1850లో కంబర్లాండ్ చేరిన ఆ కాలువలో బొగ్గు పడవలను గట్టు మీద కంచర గాడిదలు లాగేవి. 1924లో వచ్చిన వరదల తరువాత అది మూతపడింది. ఆ కాలువ వెంబడి మోటారు రోడ్డు వేయాలన్న ఆలోచనను సమర్థిస్తూ 1954 జనవరిలో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక సంపాదకీయం రాసింది. అప్పుడు వారి సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం ఓ. డగ్లస్, ఆ సంపాదకీయం రాసినవారు తనతో కలిసి ఆ గట్టు పొడవునా నడిచి చూడాలని, చూస్తే అభిప్రాయం మార్చుకుంటారని అదే పత్రికకు ఉత్తరం రాశారు. పత్రికవారు ఒప్పుకున్నారు. మార్చిలో ఎనిమిది రోజులపాటు సాగిన ఆ నడకలో చాలామంది పాల్గొన్నా, మొదటి నుంచి చివరిదాకా నడిచినవారు తొమ్మిది మందే. నడక తరువాత పత్రిక తన మాట మార్చుకుంది. 1971లో ఆ కాలువను జాతీయ చారిత్రక ఉద్యానంగా ప్రకటించారు. దాదాపు 297 కిలోమీటర్ల ఆ గట్టును ఇప్పుడు కాలినడకన, సైకిళ్ళ మీద దాటేవారు ఉన్నారు. లాకు కాపరుల పాత ఇళ్ళు కొన్నిటిని బాగుచేసి రాత్రి బసకు ఇస్తున్నారు.

వారి కాలువకూ మన కాలువకూ ఒక పెద్ద తేడా ఉంది. వారిది పని ముగిసిన కాలువ. మనది ఇప్పటికీ సార్వాకూ దాళ్వాకూ నీళ్ళిస్తున్న కాలువ. అందువల్ల మన గట్టు చూడడానికి మిగిలిన పాత వస్తువు కాదు, నీటిని పట్టి నిలబెట్టే ఆనకట్ట వంటిది. కాలువ తవ్విన మట్టినే పోసి కట్టిన గట్టు మనిషి బరువునూ, పశువు బరువునూ ఎన్నేళ్ళైనా మోస్తుంది. ఇసుక టిప్పర్లు రోజూ తిరిగితే మాత్రం అంచు కుంగుతుంది, కుంగిన చోట నీరు ఊరుతుంది, ఊరిన చోట ఒక రాత్రి గండి పడుతుంది. గండి పడితే మునిగేది ఎవరి చేలో రైతులకు తెలుసు. రోజూ పదిమంది నడిచే గట్టు మీద ఊట పుట్టినా, తూము చెడినా, గుర్రపుడెక్క అడ్డుపడినా ఆ పూటే ఎవరో ఒకరి కంట పడుతుంది. కాలువలను కాపలా కాసే లస్కర్లు తక్కువై, ఒక్కొక్కరు చూసుకోవలసిన దూరం పెరిగిన ఈ రోజుల్లో ఆ కళ్ళ విలువ తక్కువేమీ కాదు.

మా నడకలో బాధ కలిగించినవి దాచడం న్యాయం కాదు. రెండో రోజు మధ్యాహ్నం, గొట్టం వేసుకోవడానికి ఎవరో గట్టును అడ్డంగా తవ్వి, పైన మట్టి సరిగా కప్పకుండా వదిలేసిన గాడిలో నా కాలు మోకాలి దాకా దిగబడింది. గడ్డి ఏపుగా పెరిగి ఉండడంతో గాడి కనపడలేదు. మడమ వాచి, తువ్వాలు చింపి కట్టుకుని, ఆ పూటంతా ఒక కొబ్బరితోట మకాములో కూర్చోవలసి వచ్చింది. అది నా కాలికి కలిగిన నష్టమే. గట్టుకు కలిగిన నష్టం అంతకన్నా పెద్దది. ఒక ఊరి చివర అరఫర్లాంగు దూరం గట్టంతా కోళ్ళ వ్యర్థాలు, ఆసుపత్రి చెత్త, పెళ్ళి భోజనాల ప్లాస్టిక్ పళ్ళేలు పోగుపడి ఉన్నాయి. ముక్కు మూసుకుని దాటాము. అదే నీటిని దిగువ ఊళ్ళ చెరువుల్లోకి పెట్టుకుని తాగుతారని తలుచుకుంటే అన్నం సహించలేదు.

గట్ల మీద గుడిసెలు వేసుకుని బతుకుతున్నవారి సంగతి చెప్పకుండా ఈ కోరిక కోరితే అది నా తప్పవుతుంది. కాలినడక దారి పేరు చెప్పి వారిని ఖాళీ చేయించాలని నేను అడగడం లేదు. వారిలో కొందరు రెండు మూడు తరాలుగా అక్కడే ఉన్నారు. మాకు మజ్జిగ ఇచ్చిందీ, మడమకు ఆముదం కాచి రాసిందీ వారే. ఇళ్ళున్న చోట దారి ఒక మలుపు తిరిగి ఊళ్ళో నుంచి పోయినా నడిచేవారికి వచ్చిన నష్టం లేదు. వారికి ఇళ్ళస్థలాలు ఇవ్వడం ప్రభుత్వం ఎలాగూ చేయవలసిన పని, దానిని ఈ దారికి ముడిపెట్టకూడదు. నడిచేవారు వస్తే టీకొట్టు, అన్నం హోటలు, రాత్రి మంచం అద్దె వంటి నాలుగు రూకల పని ముందుగా వారికే దొరకాలి.

ఖర్చు సంగతి చూస్తే, టైల్స్ పరిచి, రంగు దీపాలు పెట్టి, ముఖద్వారం కట్టి, టికెట్టు అమ్మే పార్కు నాకు వద్దు. అలాంటివి ప్రారంభోత్సవం నాటి ఫొటోలో బాగుంటాయి, రెండో వర్షాకాలానికి పెచ్చులూడతాయి. కావలసినవి ఇవి: సర్కారు తుమ్మ కొట్టించి రెండు బారల వెడల్పున మట్టిదారి చదునుచేయడం, పంటబోదెలు గట్టును దాటే చోట చిన్న పలకలు వేయడం, లాకు ఉన్న ప్రతిచోటా తాగునీరు, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి, ఇంకా ఎంత దూరం ఉందో చెప్పే రాళ్ళు. ఆ రాళ్ళు కొన్ని ఇప్పటికే ఉన్నాయి. గన్నవరం కాలువ మీద ఒకచోట గడ్డిలో ఒరిగిపోయిన మైలురాయిని మా బావమరిది తువ్వాలు తడిపి తుడిస్తే, నాచు కింద నుంచి ఇంగ్లీషు అంకె ఒకటి బయటపడింది. అది ఆరో ఎనిమిదో మేమిద్దరం తేల్చుకోలేకపోయాము. దానిని లేపి నిలబెట్టడానికి ఇద్దరు కూలీలు, ఒక గునపం చాలు. సంరక్షణ బాధ్యతను 1997 చట్టం కింద ఏర్పడిన సాగునీటి వినియోగదారుల సంఘాలకు అప్పగించి, దానికి ఏటా కొంత నిధి కేటాయిస్తే పని ఊరివారి చేతుల్లోనే ఉంటుంది.

మూడో రోజు సాయంత్రానికి పి.గన్నవరం చేరాము. అక్కడ వైనతేయ నది మీదుగా కాలువను అవతలి లంకలకు దాటించడానికి 1850ల తొలినాళ్ళలో నలభై అడుగుల వెడల్పు గల 49 కమానులతో అక్విడక్టు కట్టారు. 2000లో వచ్చిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. 1909లో కన్నుమూసే దాకా ఆ తల్లి లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చిన బాటసారికి కూడా అన్నం పెట్టి పంపారని మా పెద్దలు చెప్పేవారు. ఆ కాలంలో బాటసారులంటే చాలావరకు ఇలా నడిచి వచ్చినవారే. కింద నది, పైన కాలువ, రెండూ వేరువేరు దిక్కులకు పారుతుంటే, దీపాలు పెట్టే వేళకు మేము అక్కడ నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

కోనసీమలోని ఈ ముక్కతో మొదలుపెడితే, ముందు ముందు ఇంకా పెద్ద దారికి అవకాశం ఉంది. 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో కాకినాడ కాలువ 50 కిలోమీటర్లు, విజయవాడ దాకా పోయే ఏలూరు కాలువ 139 కిలోమీటర్లు ఉన్నాయి. వాటి మధ్య బ్యారేజీ మీద నది దాటవచ్చు. అంటే కాకినాడ నుంచి కృష్ణ ఒడ్డు దాకా కాలువ పక్కనే నడిచి వెళ్ళడానికి దారి ఇప్పటికే మట్టిలో ఉంది. జలమార్గం పనులు ఎప్పుడు జరిగినా, గట్టు మీద కాలిదారిని కూడా ఆ పనుల్లో చేర్చాలని నా మనవి. మన బ్యారేజీకి 2022లో అంతర్జాతీయ సాగునీటి సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తింపునిచ్చింది. ఆ గుర్తింపు బ్యారేజీ దగ్గర ఆగిపోకుండా లాకులకూ గట్లకూ చేరాలి.

కార్తీకం నుంచి మాఘం దాకా నడకకు మంచి కాలం. గట్లను రోడ్లు చేయాలని రాసిన పాఠకుణ్ణీ, మీ విలేకరులలో ఒకరినీ ఈసారి మాతో నడవడానికి ఆహ్వానిస్తున్నాను. కార్తీక పౌర్ణమి వెళ్ళిన మరుసటి ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకు బొబ్బర్లంక హెడ్ స్లూయిజు దగ్గర మేమిద్దరం ఉంటాము. భోజనం మేమే తెస్తాము. చెప్పులు మాత్రం గట్టివి వేసుకుని రావాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కోనసీమ