అపార్ట్‌మెంట్ తోటలకు నెలనెలా మందు వద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే అపార్ట్‌మెంట్లలో తోట పని కాంట్రాక్టు కాగితం తీసి చూడండి. చాలాచోట్ల ‘నెలకోసారి పురుగుమందు పిచికారీ’ అన్న వాక్యం కనిపిస్తుంది. పురుగు ఉన్నా లేకున్నా మందు పడాల్సిందే. అసోసియేషన్ కమిటీల్లో ఉన్నవారు ఆ ఒక్క వాక్యం కొట్టేయించాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

మందార కొమ్మ చివర దూది అంటించినట్టు తెల్లటి ముద్దలు కనిపిస్తే అది పిండినల్లి. దాని ఒంటి మీద మైనపు పొడి ఉంటుంది కాబట్టి నీళ్లలో కలిపిన మందు సరిగా అంటదు. గుడ్లు ఆ దూది సంచుల్లోనే భద్రంగా ఉండిపోతాయి. మందుకు ముందుగా చచ్చేవి పిండినల్లిని తినే అక్షింతల పురుగులు, దాని ఒంట్లో గుడ్లు పెట్టే చీమంత కూడా లేని కందిరీగలు. కొన్నాళ్లకు గుడ్లు పగిలి పిల్లలు పాకేసరికి వాటిని అడ్డుకునే దిక్కే ఉండదు. 2008లో కోయంబత్తూరులో బయటపడిన బొప్పాయి పిండినల్లి విషయంలో జరిగిందీ ఇదే. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. 2010లో బెంగళూరు హెబ్బాళలోని వ్యవసాయ కీటకాల జాతీయ సంస్థ (ఇప్పటి పేరు ఎన్‌బీఏఐఆర్) పోర్టోరికో నుంచి ఎసిరోఫేగస్ పపాయే అనే కందిరీగను తెప్పించి వదిలాకే అదుపులోకి వచ్చింది. 2021–22లో నల్ల తామర పురుగు మీద మందు మీద మందు కొట్టిన గుంటూరు మిరప రైతుల అవస్థ మన పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇక్కడ మాలీలూ ఇంటివాళ్లూ చేసే పొరపాటు ఒకటుంది. క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల ఒంటి నిండా తెల్లటి మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. అదేమిటో తెలియక దాన్నే ముందు నలిపేస్తారు. పిండినల్లి మూడు నాలుగు మిల్లీమీటర్లుంటుంది, దాదాపు కదలదు. క్రిప్టోలీమస్ పిల్ల సెంటీమీటరు దాకా పెరుగుతుంది, పుల్లతో తాకితే చకచకా నడుస్తుంది. నడిచేదాన్ని వదిలేయండి.

పిండినల్లి బాగా పట్టిన కొమ్మల్ని కత్తిరించి, అక్కడికక్కడే ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి, నాలుగు రోజులు ఎండలో పడేయాలి. కంపోస్టు గుంటలో వేస్తే మళ్లీ తోటకే వస్తుంది. తర్వాత చీమల సంగతి చూడాలి. పిండినల్లి వదిలే తేనెబంక కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, కందిరీగల్ని దగ్గరకు రానివ్వవు. అర లీటరు నీళ్లలో 50 గ్రాముల చక్కెర, 5 గ్రాముల బోరిక్ పౌడర్ కరిగించి, దూది ముంచి, పిల్లలకూ కుక్కలకూ అందకుండా చిల్లుల డబ్బాలో పెట్టి చీమల బారు పక్కన ఉంచండి. బోరిక్ ఎక్కువైతే చీమలు పుట్టకు చేరకముందే చస్తాయి, పుట్ట మాత్రం అలాగే ఉంటుంది.

ఆ తర్వాతే పిచికారీ. హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన వేప సబ్బు గానీ కానుగ సబ్బు గానీ లీటరుకు 7 నుంచి 10 గ్రాములు చాలు. ఇది ఒంటికి తగిలితేనే పనిచేస్తుంది, కాబట్టి ఆకు అడుగు, కణుపుల సందులు తడవాలి. గుడ్లు చావవు కనుక వారానికోసారి చొప్పున మూడుసార్లు కొట్టాలి. చాలామందికి ఇది పనిచేయకపోవడానికి కారణం బోరు నీళ్లు. బెంగళూరు బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ, సబ్బు విరిగి తెట్టు కట్టి నాజిల్‌ను మూసేస్తుంది. వాన నీళ్లు గానీ కావేరి నీళ్లు గానీ వాడండి. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు ఇంకా అధ్వానం. పిచికారీ సాయంత్రమే చేయాలి, ముందు రెండు మూడు ఆకుల మీద కొట్టి, మాడలేదని రెండు రోజులు చూసుకుని.

గులాబీకి ఎర్రనల్లి వస్తే సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు (సైపర్‌మెత్రిన్ లాంటివి) అసలే వద్దు. ఎర్రనల్లిని తినే మేలుచేసే నల్లులు చచ్చి, ఎర్రనల్లి ఇంకా పెరుగుతుంది. ఆకు అడుగున జోరుగా నీళ్లు కొట్టడమే సగం వైద్యం.

లాన్ విషయంలో డబ్బు వృథా ఇంకా ఎక్కువ. పచ్చిక ఎండిన చోటల్లా గడ్డి వేళ్లు తినే వేరుపురుగే అనుకుని నేలంతా మందుతో తడిపేస్తారు. ముందు ఎండిన గడ్డిని పిడికిట పట్టి లాగండి. చాపలా లేచి వస్తే వేరుపురుగు అని అనుమానించాలి. వేళ్లు గట్టిగా ఉంటే నీళ్లు అందలేదో, నేల గట్టిపడిందో, తెగులో చూడాలి. అనుమానం ఉన్న చోట, ఎండిన దానికీ పచ్చని దానికీ మధ్య అంచులో, అడుగు పొడవు, అడుగు వెడల్పున మూడు పక్కలా కోసి గడ్డిని మడిచి, మూడంగుళాల లోతు మట్టి చిదిపి చూడండి. గోధుమ రంగు తలతో, అరసున్నాలా ముడుచుకున్న తెల్లటి పురుగులు ఒకటీ రెండూ ఉంటే ఏ మందూ అక్కర్లేదు, ఆరోగ్యంగా ఉన్న గడ్డి తట్టుకుంటుంది. చదరపు అడుగుకు ఐదు దాటి, గడ్డి కూడా నీరసంగా ఉంటే అప్పుడు పని మొదలుపెట్టాలి. గొంగళి పురుగులకు వేరే పరీక్ష. నాలుగు లీటర్ల నీళ్లలో రెండు పెద్ద చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి చదరపు మీటరు మేర పోస్తే పది నిమిషాల్లో పైకి వస్తాయి. వేరుపురుగు మాత్రం దీనికి పైకి రాదు.

వేరుపురుగు పెరిగి పెంకు పురుగవుతుంది. వేసవి వానలు పడగానే ఈ పెంకు పురుగులు సందె వేళ మట్టిలోంచి లేచి వేప చెట్ల మీద చేరతాయి. అప్పుడు కొమ్మలు దులిపి సబ్బు నీళ్ల బకెట్లో పడేస్తే గుడ్లే ఉండవు. పిల్ల దశలో, అంటే వేరుపురుగుగా ఉన్నప్పుడు, హెటెరోరాబ్డైటిస్ ఇండికా అనే మేలుచేసే నులిపురుగుల పొడి పనిచేస్తుంది. ఎండలో చల్లితే ఆ నులిపురుగులు చచ్చిపోతాయి. పొద్దు వాలాక, ముందే తడిపిన నేల మీద, స్ప్రేయర్ జల్లెడ తీసేసి చల్లి, మళ్లీ నీళ్లు పెట్టి, రెండు వారాలు తడి ఆరకుండా చూడాలి. ప్యాకెట్ గడువు చూడకుండా కొనొద్దు.

కాంట్రాక్టులో రాయించాల్సినవి ఇవి. మాలీ వారానికోసారి ప్రతి మొక్క జాతిలో ఐదారు కొమ్మల ఆకుల అడుగు చూసి, ఏ పురుగు ఎక్కడ ఉందో రిజిస్టర్లో రాయాలి. సిద్దాపుర నర్సరీల నుంచి వచ్చిన కొత్త కుండీలను రెండు వారాలు విడిగా పెట్టాలి. రసాయన మందు తప్పదనుకుంటే పురుగు ఉన్న మొక్కకే, పూత లేనప్పుడే కొట్టాలి. సీసా మీద ఎర్ర, పసుపు త్రికోణాలున్న, అంటే విషం బాగా ఎక్కువున్న మందులు ఆవరణలోకి రాకూడదు. లేబుల్ లేని సీసాలో కలిపి తెచ్చిన మందును గేటు దగ్గరే వెనక్కి పంపాలి. కొట్టే ముందు రోజే లేబుల్ ఫొటో నివాసుల వాట్సాప్ గ్రూపులో పెట్టాలి.

— ఉద్యాన సస్యరక్షణ పనిలో ఉన్న ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు