వృద్ధుల సంరక్షణకు ఎల్-1 టెండర్ వద్దు: కేంద్ర ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి గారికి,

నమస్కారం. వృద్ధాశ్రమాలు, దివ్యాంగుల హోమ్‌లు నడిపే చిన్న స్వచ్ఛంద సంస్థలకు టెండర్ కాగితాలు తయారుచేసి పెట్టడం నా పని. ఎల్-1 అంటే అందరికంటే తక్కువ రేటు వేసినవాళ్లకే పని ఇచ్చే పద్ధతి. దాని విషయంలో మీ శాఖ నిబంధనల్లో ఒక్క మార్పు కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

2021 అక్టోబర్‌లో మీ వ్యయ విభాగం కొనుగోళ్ల మీద కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. కన్సల్టెన్సీ కాని సేవల్లో, అంటే సలహాలు, రిపోర్టులు కాకుండా పని చేసిపెట్టే సేవల్లో కూడా, ధరతో పాటు నాణ్యతకు మార్కులు వేయొచ్చని అంది. సంతోషించాం. కానీ ఆ మార్కులు 30 శాతం దాటకూడదని అందులోనే గీత గీసింది. అదే కన్సల్టెంట్లకైతే 80 శాతం దాకా వేయొచ్చు. అంటే వృద్ధుల సంక్షేమం మీద రిపోర్టు రాసే కంపెనీని పనితనం చూసి ఎంచుకుంటాం. ఆ వృద్ధులకు స్నానం చేయించి అన్నం తినిపించే సంస్థను మాత్రం రేటు చూసి ఎంచుకుంటాం.

ఆ 30 శాతం కూడా ఊరికే రాదు. ఈ కొనుగోలులో నాణ్యతకు మార్కులు వేస్తామని అధికారులు ముందుగా నిర్ణయించుకోవాలి. రేపు ఆడిట్ అభ్యంతరం వస్తే ఎవరు జవాబు చెప్పాలన్న టెన్షన్‌తో చాలామంది ఆ ఫైలు కదపరు. వాళ్లను తప్పు పట్టలేను. ఎల్-1కి ఇచ్చేస్తే ఎవరూ ఏమీ అడగరు.

హోమ్ ఖర్చులో ఎక్కువ భాగం జీతాలే. బియ్యం, కరెంటు ఎవరు కొన్నా దాదాపు ఒకటే ధర. రేటు తగ్గించాలంటే ఇక కోసేది మనుషుల్నే. రాత్రి డ్యూటీకి ఇద్దరు ఆయాలు ఉండాల్సిన చోట ఒక్కరే ఉంటారు. మంచం మీదున్న పెద్దావిడను పక్కకు తిప్పి పడుకోబెట్టాలంటే ఇద్దరు పట్టాలి. ఒక్కరే ఉంటే తెల్లారేదాకా తిప్పరు, వీపున పుండ్లు అక్కడే మొదలవుతాయి. టెండర్ కమిటీ ముందుండే పట్టికలో కనిపించేది మాత్రం నెలకు ఒక్కొక్కరికి ఎంత అన్న అంకె ఒక్కటే. సిబ్బందిని సరఫరా చేసే టెండర్లలో సున్నా సర్వీస్ ఛార్జీ (జీతాల మీద ఏజెన్సీ తీసుకునే కమీషన్) చెల్లదు కదా, అందుకని సున్నా పక్కన పాయింట్ పెట్టి చిన్న అంకె వేసినవాళ్లను చూశాం. అలాంటి ఏజెన్సీ దేంతో బతుకుతుందో, ఆయాల పీఎఫ్ ఎటు పోతుందో తెలియని విషయం కాదు.

బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల హోమ్ నిర్వహణకు పిలిచిన ఒక టెండర్లో, నాసిరకం సరుకును సొంత ఖర్చుతో వెనక్కి తీసుకెళ్లాలన్న షరతు చదివాను. ఏ కుర్చీల టెండర్‌నో తీసుకుని పేరు మార్చినట్టున్నారు. మేమూ కిక్కురుమనకుండా ప్రతి పేజీ మీద స్టాంపు వేసి, సంతకం పెట్టి అప్‌లోడ్ చేశాం.

దారి మీ దగ్గరే ఉంది. అవే మార్గదర్శకాల్లో ఫిక్స్‌డ్ బడ్జెట్ పద్ధతి ఉంది. ధర ఎంతో ప్రభుత్వమే టెండర్లో ముందుగా చెబుతుంది, పోటీ అంతా నాణ్యత మీదే. దాన్ని కన్సల్టెన్సీకే పరిమితం చేశారు. సంరక్షణ సేవలకూ వర్తింపజేయండి. రేటు కట్టేటప్పుడు కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐతో పాటు సెలవు పెట్టినవాళ్ల బదులు వచ్చే మనిషి జీతం కూడా కలపండి. వేతనం పెరిగితే రేటూ పెరగాలి. యూరోపియన్ యూనియన్ 2014లోనే సామాజిక సేవల కొనుగోలుకు వేరే నియమాలు పెట్టుకుంది. సేవ ఆగకుండా సాగడం, దాన్ని వాడుకునేవాళ్ల ప్రత్యేక అవసరాలు కూడా లెక్కలోకి తీసుకోవచ్చని అందులో రాసుకుంది.

నాణ్యత మార్కులంటే అయినవాళ్లకు కట్టబెట్టడమేనని మీ అధికారులు అనొచ్చు. ఆ భయం ఉత్తిది కాదు. బిహార్‌లోని ముజఫర్‌పూర్‌లో ప్రభుత్వ డబ్బుతో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపిన బాలికల వసతి గృహంలో పిల్లలపై జరిగిన లైంగిక దాడుల గురించి 2018లో దేశమంతా విన్నది. దాన్ని బయటపెట్టింది టెండర్ కాగితాల తనిఖీ కాదు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ బృందం సోషల్ ఆడిట్ చేసి, అక్కడి పిల్లలతో మాట్లాడటం వల్ల బయటపడింది. అందుకే మార్కులు ఫైల్లోని సర్టిఫికెట్లకు కాకుండా, చెప్పకుండా చేసిన తనిఖీలకూ, అక్కడ ఉండేవాళ్ల మాటకూ వేయాలి. ఎవరికి ఎన్ని వేశారో, ఎందుకు వేశారో వెబ్‌సైట్లో పెట్టాలి.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, మీ వ్యయ విభాగం నుంచి ఒక్క మెమో చాలు. వచ్చే ఆర్థిక సంవత్సరం టెండర్లు పిలిచే లోపే అది వస్తే మేలు.

ఇట్లు,
టెండర్ కాగితాలు రాసే ఓ అకౌంటెంట్