జర్మనీలోని మన తెలుగు సంఘం 2025 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పిస్తున్నది

సభ్యులందరికీ నమస్కారం.

మన నియమావళి ప్రకారం ఈ నివేదిక సమావేశానికి రెండు వారాల ముందే మీకు అందాలి. నాలుగు రోజులు ఆలస్యమైంది. తప్పు నాదే, కోశాధికారి గారు లెక్కలు ఎప్పుడో ఇచ్చేశారు. నివేదిక మెయిల్‌లో వెళ్తుంది కాబట్టి, జర్మనీలో డేటా రక్షణ గొడవలు తెలిసినవే కాబట్టి, ఎవరి పేర్లూ రాయడం లేదు. సమావేశంలో ఒక్కొక్కరి పేరూ చదివి చప్పట్లు కొట్టిస్తాను. చప్పట్లు కావాలంటే రావాలి మరి.

పండుగలు ఎప్పటిలాగే జరిగాయి. సంక్రాంతి ముగ్గులు నేల మీద వేస్తే హాలు వాళ్ళు ఒప్పుకోరని చార్టుల మీద వేయించాం. విశ్వావసు ఉగాది సరిగ్గా ఆదివారం, మార్చి 30న వచ్చిందని సంబరపడ్డాం కానీ, ఆ తెల్లవారుజామునే వేసవి సమయం కోసం ఇక్కడి గడియారాలు గంట ముందుకు జరిగాయి. పంచాంగ శ్రవణానికి సగం మంది గంట ఆలస్యంగా వచ్చారు. మనవాళ్ళకు అది ఆలస్యం కిందికి రాదనుకోండి. బతుకమ్మకు తంగేడు, గునుగు ఎక్కడ దొరుకుతాయి? పొలం గట్టున డబ్బుల డబ్బా పెట్టి ‘మీరే కోసుకోండి’ అని రాసి ఉంచే పూల పొలాల నుంచి కోసుకొచ్చాం. కోసిన అక్కలు డబ్బాలో డబ్బులు వేశారు, అడిగి కనుక్కున్నాను.

తెలుగు బడి శనివారాలు నడుస్తోంది. టీచరమ్మలు ఇద్దరే. మూడో టీచరు కావాలని ఇది మూడో నివేదికలో రాయడం.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది మాత్రం వేరే ఉంది. మే నెలలో ఒక శనివారం హాలు తీసుకుని పసిపిల్లల కాగితాల కోసం పెట్టిన సహాయ శిబిరం. ఇద్దరు ముగ్గురు వస్తారేమో అనుకుని నాలుగు బల్లలు వేశాం. మధ్యాహ్నానికి ప్రాములు మెట్ల దాకా నిలబడ్డాయి. పాలసీసాలు వేడిచేసే పనికే వంటగదిలో ఒక మనిషిని పెట్టాల్సి వచ్చింది.

ఇంత గిరాకీ ఎందుకంటే, 2024 జూన్ 27న జర్మనీ పౌరసత్వ చట్టం మారింది. ‘ఇక్కడ పుడితే చాలు, జర్మన్ పాస్‌పోర్ట్’ అని వాట్సాప్‌లో తిరిగింది. అది నిజం కాదు. తల్లిదండ్రుల్లో ఒకరు బిడ్డ పుట్టే నాటికి ఐదేళ్ళు చట్టబద్ధంగా ఇక్కడ ఉండాలి. ఇదివరకు ఎనిమిదేళ్ళు. దాంతోపాటు ఆ ఒక్కరి చేతిలో శాశ్వత నివాస అనుమతి, మనం పీఆర్ అంటున్నది, బిడ్డ పుట్టిన రోజుకే ఉండాలి. బ్లూ కార్డ్, అంటే పెద్ద చదువుల ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి, ఎన్నేళ్ళున్నా అది గడువున్న కార్డే, దీనికి పనికిరాదు. ఈ ఒక్క ముక్క తెలియక మన కుటుంబాలు ఎన్ని నష్టపోయాయో ఆ రోజు నా బల్ల దగ్గరే చూశాను.

ఒక కర్నూలు తమ్ముడు ఛాతీకి బిడ్డను కట్టుకుని వచ్చాడు. జర్మనీలో ఆరేళ్ళు దాటింది. కార్డు తీసి నా ముందు పెట్టి, “అన్నా, పీఆర్ ఉంది, ఐదేళ్ళూ దాటాయి, మరి పాపకు ఎందుకు రాదంటున్నారు?” అన్నాడు. కార్డు మీద ఇచ్చిన తేదీ చూశాను. జనన పత్రం తీయమన్నాను. మధ్యలో పంతొమ్మిది రోజులు. పాప ముందు, కార్డు తరవాత. అతను రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి వేలితో లెక్కపెట్టుకున్నాడు. ఏమీ అనలేదు. బ్లూ కార్డ్ వాళ్ళకు జర్మన్ భాష బీ1 (మధ్య స్థాయి) ఉంటే 21 నెలలకే, ఏ1 (మొదటి మెట్టు) ఉన్నా 27 నెలలకే పీఆర్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు, అన్ని నెలల పెన్షన్ చందా కట్టి ఉంటే. అతను ఎప్పుడో అర్హుడు. బ్లూ కార్డ్ బాగానే ఉంది కదా అని ఊరుకున్నాడు. భార్యకు నాలుగో నెల వచ్చాక దరఖాస్తు పెట్టాడు. అపాయింట్‌మెంట్ ప్రసవం అయ్యాక వచ్చింది.

నివాస అనుమతులిచ్చే ఆ ఊరి విదేశీయుల ఆఫీసు గురించి ఇక్కడ ఎక్కువ రాయను, రాస్తే పేజీలు చాలవు. ప్రసవం తేదీ రాసి, డాక్టరు కాగితం జతచేసి మూడుసార్లు మెయిల్ పెడితే మూడుసార్లూ ఒకే ఆటోమేటిక్ జవాబు: ‘దయచేసి మళ్ళీ అడగకండి, అడిగితే ఇంకా ఆలస్యమవుతుంది.’

పాపకు దారి మూసుకుపోలేదు. తరవాత తల్లో తండ్రో పౌరసత్వం తీసుకున్నప్పుడు ఆమెను కూడా కలపవచ్చు, పెద్దవాళ్ళకు 255 యూరోలు, కలిపిన పిల్లలకు 51. తేడా ఏమిటంటే, పుట్టుకతో వస్తే తల్లిదండ్రుల ఇండియా పాస్‌పోర్టులు కదలవు. పౌరసత్వం కోరి తెచ్చుకుంటే జర్మనీ ఇప్పుడు రెండూ ఉంచుకోమన్నా ఇండియా ఒప్పుకోదు, భారత పౌరసత్వం పోయినట్టే. ఆ తరవాత ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరులైన మనవాళ్ళకు ఇండియా ఇచ్చే కార్డు, తీసుకున్నా ఊళ్ళో వ్యవసాయ భూమి కొనడానికి లేదు. ఈ మాట చెప్పినప్పుడు ఆ తమ్ముడి ముఖం మళ్ళీ మారింది. వాళ్ళ నాన్న ఎకరం బేరం ఆడుతున్నాడట. మూడేళ్ళకే పౌరసత్వం ఇచ్చే వెసులుబాటు కూడా అక్టోబరులో ఎత్తేశారు, అది నమ్ముకున్నవాళ్ళు గమనించండి. ఐదేళ్ళది అలాగే ఉంది. ఇక్కడ చదువుకున్న ఏళ్ళు కూడా సాధారణంగా ఆ ఐదేళ్ళలో కలుస్తాయి, చాలామంది ఉద్యోగం వచ్చిన రోజు నుంచే లెక్కేసుకుంటున్నారు.

రెండో బల్ల దగ్గర ఇంటిపేర్ల గోల. మనలో సగం మందికి ఇండియా పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, ఇంటిపేరూ అసలు పేరూ అంతా కలిపి ఒకే గడిలో. జనన నమోదు ఆఫీసులో గుమాస్తాకు గడి ఖాళీగా వదలడం ఇష్టముండదు. ఒక బాబుకు తండ్రి సొంత పేరే ఇంటిపేరుగా ఎక్కింది. వాళ్ళ నాయనమ్మ వీడియో కాల్‌లో జనన పత్రం చదివించుకుని, “మన ఇంటిపేరు ఏమైందిరా?” అని అడిగిందట. అందుకే ఆసుపత్రికి వెళ్ళేముందే ఏ పేరు ఏ గడిలోకి రావాలో రాసి పెట్టుకోండి. ఒకసారి రిజిస్టరులో పడ్డాక, ఇండియా పాస్‌పోర్టు కూడా దాన్నే పట్టుకుంటుంది.

తల్లిదండ్రుల జనన పత్రాలది ఇంకో కథ. పల్లెల్లో పుట్టిన చాలామందికి పదో తరగతి మెమో తప్ప ఏమీ లేదు. ఆర్డీఓ ఆర్డరుతో ఆలస్యపు నమోదు చేయించుకుని, హైదరాబాదులో ఏజెంటుకు డబ్బు పోసి అపోస్టిల్ ముద్ర (పత్రం అసలైనదేనని విదేశాల కోసం వేసే ముద్ర) వేయించుకు వచ్చినవాళ్ళున్నారు. ఇండియా అపోస్టిల్‌ను జర్మనీ ఒప్పుకోదు. ఇక్కడి ఆఫీసు అడిగితే ఇండియాలోని జర్మన్ కాన్సులేట్ ద్వారా విచారణ జరుగుతుంది, మన రెండు రాష్ట్రాలకూ చెన్నై. ఒకరి ఊరికి ఆ విచారణ కోసం వకీలు నిజంగానే వచ్చి పంచాయతీ ఆఫీసులో రిజిస్టరు తిప్పి చూశాడు. పెళ్ళి సంబంధం అనుకుని వాళ్ళ పెదనాన్న టిఫిన్ పెట్టి పంపాడు. ఈ విచారణ తేలేదాకా పూర్తి జనన పత్రం బదులు, తల్లిదండ్రుల గుర్తింపు నిరూపణ కాలేదని రాసిన రిజిస్టరు నకలు ఇస్తారు. చెల్లుతుంది, కంగారు పడకండి. అది కూడా రాకముందు మాత్రం ప్రభుత్వం పిల్లలకిచ్చే భత్యం కిండర్‌గెల్డ్ (2025లో నెలకు 255 యూరోలు) దగ్గర నుంచి అన్నీ ఆగుతాయి.

పిల్లలకు జర్మన్ పౌరసత్వం రానివాళ్ళకు అన్నిటికంటే ముఖ్యమైన తేదీ వేరే. 2004 డిసెంబరు 3 తరవాత విదేశంలో పుట్టిన బిడ్డ పేరు ఏడాదిలోపు భారత కాన్సులేట్‌లో నమోదు చేయాలి, బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. జర్మన్ వస్తుందా రాదా అని ఎదురుచూస్తూ పద్నాలుగో నెలలో మా దగ్గరికి వచ్చిన జంట ఉంది. పిల్లాడు నడుచుకుంటూ వచ్చాడు, ఏ దేశం కాగితమూ లేదు. ఆ ఫైలు ఇంకా నడుస్తోంది. ఇక్కడి నివాస అనుమతికి కూడా పుట్టిన ఆరు నెలల్లోపే దరఖాస్తు పెట్టాలి.

జర్మన్ పౌరసత్వం వచ్చిన పిల్లలకు పాత చిన్నపిల్లల పాస్‌పోర్టు పుస్తకం 2024 నుంచి ఇవ్వడం లేదు, మామూలుదే తీసుకోవాలి, 37.50 యూరోలు. అమ్మమ్మ ఊరు వెళ్ళాలంటే వీసా గానీ ఓసీఐ గానీ వేరే.

మనం వకీళ్ళం కాదు, ఫారాలు నింపి, కాగితాలు వరసలో పెట్టిచ్చాం, అంతే. చట్టం చెప్పింది ఆ రోజు ఫీజు తీసుకోకుండా సాయంత్రం దాకా కూర్చున్న వకీలమ్మ గారు. ఆవిడకు పులిహోర నచ్చింది, డబ్బాలో ఇచ్చి పంపాం. హాలు ఇచ్చిన చర్చి వాళ్ళకు, ప్రింటరు మోసుకొచ్చిన తమ్ముళ్ళకు, వంటగదిలో నిలబడ్డ వదినమ్మలకు, రాత్రి తడిగుడ్డతో నేల తుడిచిన పెద్దాయనకు సంఘం రుణపడి ఉంది.

వాట్సాప్‌లో ఆ రోజు కోసం బొటనవేలు చూపించినవాళ్ళు ఇరవై ముగ్గురు. వచ్చినవాళ్ళు తొమ్మిది మంది. మిగతావాళ్ళకు పని పడి ఉంటుంది, పిల్లలకు జ్వరాలు వచ్చి ఉంటాయి. కానీ ముందే ఒక్క మెసేజ్ పెడితే వేరేవాళ్ళను పిలుచుకునేవాళ్ళం, జనాన్ని అంతసేపు నిలబెట్టేవాళ్ళం కాదు. ఆ సాయంత్రమే క్రికెట్ ఫోటోలు పెట్టినవాళ్ళ గురించి నేనేమీ అనను.

లెక్కల సంగతి: కోశాధికారి గారి కాగితం జత చేశాం. చందా పెంచలేదు, అప్పు లేదు. తనిఖీదారులిద్దరూ చూసి సంతకం పెట్టారు. ఉగాది కూరగాయల రసీదు ఒకటి కనపడలేదన్నారు, నా చలికోటు జేబులో దొరికింది. ఖాళీ బాటిళ్ళ డిపాజిట్ డబ్బు ఎక్కడికి పోయిందని అడిగినవారికి: టీ ఖర్చులో ఉంది, చూసుకోండి.

రెండో శిబిరం మార్చిలో పెట్టాలని కార్యవర్గం అనుకుంటోంది. ఈసారి బిడ్డ పుట్టినవాళ్ళకంటే బిడ్డ పుట్టబోయే తల్లిదండ్రులు ముందు రావాలి, పీఆర్ ఫారం తెచ్చుకుని. బల్ల దగ్గర కూర్చోగలిగినవాళ్ళు బొటనవేలు కాకుండా పేరూ ఫోన్ నంబరూ రాసి మెయిల్ పెట్టండి. కార్యదర్శి పదవికి కూడా ఎన్నిక ఉంది. మూడేళ్ళయింది, ఇంకెవరైనా పేరు ఇస్తే హాలు తాళంచెవులు ఆ రోజే అప్పజెబుతాను.

మీ
కార్యదర్శి