సమాధి జాగా ఎందుకు అడుగుతున్నాం

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో వైకుంఠధామాలు (ఊరి శ్మశానాలు) కట్టారు, సంతోషం. అయితే ఎక్కువచోట్ల వాటిని దహనానికి అనువుగా కట్టారు. క్రైస్తవులు భూస్థాపనకు జాగా అడిగితే “మీరూ కాల్చుకోవచ్చు గదా” అనేవారున్నారు. “కాలిస్తే అంత్యదినాన (దేవుడు మృతులను లేపే రోజున) లేవరు” అని మావాళ్లలో కొందరు జవాబిస్తారు. ఈ జవాబుకు బైబిలులో ఆధారం లేదు. యాబేష్గిలాదు ఊరివారు ఇశ్రాయేలు రాజైన సౌలు శవాన్ని, అతని కొడుకుల శవాలను కాల్చి, ఎముకలు పాతిపెట్టారు (1 సమూయేలు 31). తర్వాత రాజైన దావీదు వారిని మెచ్చుకున్నాడే గాని తప్పుపట్టలేదు. సముద్రం కూడా తనలోని మృతులను అప్పగిస్తుందని ప్రకటన 20:13 చెబుతుంది. కథోలిక సంఘం 1963లోనే దహనానికి ఒప్పుకుంది. బూడిదను చల్లరాదని, ఇంట్లో ఉంచుకోరాదని మాత్రం 2016లో స్పష్టం చేసింది.

మరి పాతిపెట్టడం దేనికి? ఆత్మ పరలోకానికి చేరితే అంతటితో సరి అని, ఆదివారం తప్పకుండా గుడికి వచ్చేవారు కూడా అనుకుంటుంటారు. సిలువ మీది దొంగకు ఆనాడే పరదైసు దొరికిన మాట నిజమే (లూకా 23:43). కాని సమాధుల్లో ఉన్నవారు తన శబ్దం విని బయటికి వస్తారని చెప్పింది కూడా యేసే (యోహాను 5:28-29). దానియేలు 12:2, యెషయా 26:19 అంతకుముందే ఆ మాట అన్నాయి. లేచేది దేహం గనుక దానికి మర్యాద చేస్తాం.

దీనికి అసలు ఆధారం అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి లేఖ, 1 కొరింథీ 15. పౌలు అక్కడ తర్కంతో కాక, చనిపోయి లేచిన క్రీస్తును చూసిన సాక్షులతో మొదలుపెడతాడు: పేతురు, పన్నెండుగురు, ఒకేసారి చూసిన 500 మందికి పైగా సహోదరులు, యాకోబు, చివరికి తాను. సిలువ మరణం తర్వాత సుమారు 25 ఏళ్లకు రాస్తూ, ఆ 500 మందిలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారంటాడు. కావాలంటే పోయి అడగండి అన్నట్టే గదా! క్రీస్తు లేవకపోతే మా ప్రకటనా వ్యర్థమే, మీ విశ్వాసమూ వ్యర్థమే అని కూడా తానే ఒప్పుకుంటాడు. లేచిన యేసు శిష్యుల ముందు కాల్చిన చేప తిన్నాడని లూకా 24 చెబుతుంది. భూతమైతే తినదు.

ఇక జాగా సంగతి. అబ్రాహాము తన భార్య శారాను పాతిపెట్టడానికి మక్పేలా పొలాన్ని ఊరికే ఇస్తామన్నా తీసుకోలేదు. ఊరి గవిని (ప్రవేశ ద్వారం) దగ్గర అందరి ముందు 400 తులాల వెండి తూచి కొన్నాడు. మన దగ్గర నోటిమాట మీద ఇచ్చిన సర్కారు భూమే గొడవలకు మూలం. సర్వే చేసి, హద్దురాళ్లు పాతి, పంచాయతీ రికార్డులో ఎక్కించాలి. చెరువు శిఖం (చెరువు నీళ్లు నిలిచే భూమి) ఇస్తే వానకాలం గుంతలో నీళ్లూరుతాయి, గుట్ట వారన ఇస్తే మూడడుగులకే బండ తగులుతుంది. సమాధికి 8×4 అడుగుల లెక్కన గుంట (ఎకరంలో నలభయ్యో వంతు) జాగాలో, దారులు పోను, పాతిక పడతాయి. ప్రతిదాని మీద గ్రానైట్ గోరీ కడితే ఆ జాగా మళ్లీ పనికిరాదు. పునరుత్థానానికి గ్రానైట్ అక్కర్లేదు గనుక, అర్జీ పెట్టేముందే సంఘాలు మట్టి సమాధులకు ఒప్పుకుని తీర్మానం రాసుకోవాలి.

— ఒక పాఠకుడు, దేవరకొండ