మన తెలుగు సంఘం 2025 వార్షిక నివేదిక: ట్రెంటన్ కబుర్లు మన ఇళ్లకు చేరిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతి హడావుడి అయిపోయింది, ముగ్గుల పోటీ ఫోటోలు గ్రూపులో ఇంకా వస్తూనే ఉన్నాయి, ఈలోగా నిరుటి నివేదిక మీ ముందు పెడుతున్నాను. ఉగాది, బతుకమ్మ, దీపావళి సంబరాల గురించి మీకు కొత్తగా చెప్పేదేం లేదు, మీరే వచ్చారు, మీరే వండారు, కుర్చీలు సర్దేదాకా ఉండి వెళ్లారు. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంపుతున్నారు. అందుకే ఇందులో ఎక్కువ చోటు ఒక్క పనికే ఇస్తున్నాను. మన నియోజకవర్గపు న్యూజెర్సీ రాష్ట్ర శాసనసభ్యుల ఆఫీసుల నుంచి వచ్చే సమాచారం చదవడం, అందులో మనకు పనికొచ్చేది తెలుగులో రాయడం, పెద్దవాళ్లకు ఫోన్ చేసి మరీ చెప్పడం. 2025లో మన సభ్యుల ఇళ్లకు నేరుగా మేలు జరిగింది ఈ పని వల్లే అని నా నమ్మకం.

కొత్తగా న్యూజెర్సీకి వచ్చినవాళ్ల కోసం ఒక మాట. ఈ రాష్ట్రంలో 40 శాసన నియోజకవర్గాలున్నాయి, ఒక్కోదానికి ఒక సెనేటర్, ఇద్దరు అసెంబ్లీ సభ్యులు. అంటే మీరు ఎడిసన్‌లో ఉన్నా, మన్రోలో ఉన్నా, ప్లెయిన్స్‌బరోలో ఉన్నా రాష్ట్ర రాజధాని ట్రెంటన్‌లో మీ తరఫున ముగ్గురు ఉన్నట్టే, వాళ్లకు మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఆఫీసు ఉంటుంది, అక్కడ జనం పనులు చూడటానికే జీతం తీసుకునే సిబ్బంది ఉంటారు. ఇంటి పన్ను రాయితీలు, డ్రైవింగ్ లైసెన్సు తిప్పలు, నిరుద్యోగ భృతి, స్కూలు చట్టాలు వీళ్ల పరిధి. వీసాలు, పాస్‌పోర్టులు, గ్రీన్ కార్డులు వీళ్ల చేతిలో లేవు. సెప్టెంబర్‌లో హెచ్‌1బీ కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చిన వారాంతం మన ఫోన్లు ఆగకుండా మోగాయి, ఆ టెన్షన్ నాకు తెలుసు, చాలామంది రాష్ట్ర శాసనసభ్యుల ఆఫీసుకే వెళ్దామన్నారు. అది ఫెడరల్ వ్యవహారం కాబట్టి అమెరికన్ కాంగ్రెస్‌లో మన ప్రతినిధి ఆఫీసుకు పంపాం. ఏ గుమ్మం తొక్కాలో ముందే తెలిస్తే సగం తిరుగుడు తప్పుతుంది.

ఇక అసలు సంగతికొస్తాను. 2025 ఫిబ్రవరిలో శాసనసభ్యుల ఆఫీసు నుంచి వచ్చిన ఈమెయిల్‌లో మధ్యలో ఎక్కడో పాస్-1 అనే ఫారం గురించి రాశారు. 65 ఏళ్లు దాటినవాళ్లు, సోషల్ సెక్యూరిటీ వికలాంగుల భృతి తీసుకునేవాళ్లు ఇకనుంచి మూడు ఇంటి పన్ను రాయితీలకూ ఈ ఒక్క ఫారమే నింపాలి: సొంత ఇల్లున్నవాళ్లకూ అద్దెకున్నవాళ్లకూ ఇచ్చే యాంకర్, పెద్దవాళ్లకు పెరిగిన పన్ను తిరిగిచ్చే సీనియర్ ఫ్రీజ్, కొత్తగా వచ్చిన స్టే ఎన్‌జే. 2024 సంవత్సరానికి గడువు 2025 అక్టోబర్ 31. ఇందులో స్టే ఎన్‌జే చాలా పెద్ద మొత్తం. ఏడాది ఆదాయం 5 లక్షల డాలర్లలోపు ఉండి, 65 దాటి, ఏడాది పొడవునా సొంత ఇంట్లో ఉన్నవాళ్లకు ఇంటి పన్నులో సగం, గరిష్ఠంగా 6,500 డాలర్ల దాకా తిరిగొస్తుంది. కాకపోతే మిగతా రెండు రాయితీలూ ఇందులోంచే లెక్క. ఉదాహరణకు పన్ను 12,000 అయితే సగం 6,000, అందులో యాంకర్ కింద 1,750 వస్తే, సీనియర్ ఫ్రీజ్ లేనివాళ్లకు మిగిలిన 4,250 స్టే ఎన్‌జే ఇస్తుంది. ఆ డబ్బు ఒకేసారి కాదు, 2026 ఫిబ్రవరి నుంచి మూడు నెలలకోసారి. 1970ల్లో, 1980ల్లో ఇక్కడికొచ్చి ఇళ్లు కొనుక్కుని, పిల్లలు కాలిఫోర్నియాకో టెక్సస్‌కో వెళ్లిపోయాక ఆ పెద్ద ఇళ్లలో ఇద్దరే మిగిలిన మన డాక్టర్లు, ఇంజనీర్లు, రిటైరయిన ప్రొఫెసర్లకు ఇంటి పన్ను ఎంత బరువో దగ్గరగా చూశాను. ఇల్లు అమ్మేసి వెళ్లిపోదామా అని ఆలోచిస్తున్నవాళ్లు కూడా ఈ రాయితీ తెలిశాక ఆగారు.

వేసవిలో గుడి హాల్లో కూర్చుని ఫారాలు నింపడానికి సాయం చేశాం. పిల్లలు ల్యాప్‌టాప్‌లు తెచ్చారు, పెద్దవాళ్లు సంచుల నిండా కాగితాలు తెచ్చారు. ఎక్కువమంది ఆగిపోయింది రెండు చోట్ల. మొదటిది ఇంటి స్థలాన్ని గుర్తించే బ్లాక్, లాట్ నంబర్లు. ఇంటి పన్ను బిల్లు మీద ఉంటాయి, కాండో (సొంత అపార్ట్‌మెంట్) అయితే క్వాలిఫయర్ అని ఇంకోటి ఉంటుంది, అది వదిలేస్తే ఫారం ముందుకు వెళ్లదు. రెండోది ఆదాయం. యాంకర్‌కు న్యూజెర్సీ పన్ను రిటర్నులో 29వ లైను చూస్తారు, సీనియర్ ఫ్రీజ్‌కు మాత్రం సోషల్ సెక్యూరిటీతో సహా వచ్చిన ప్రతి రూపాయీ లెక్కలోకొస్తుంది. ఇండియాలో ఎఫ్‌డీల మీద వడ్డీ, విజయవాడలోనో కూకట్‌పల్లిలోనో ఉన్న ఫ్లాట్ అద్దె కూడా ఆదాయమే. అది చెప్పకపోతే ఏమవుతుందిలే అని కొందరు అడిగారు. చెప్పాలి, దాంట్లో బేరం లేదు.

పేర్ల గొడవ మన తెలుగువాళ్లకే ప్రత్యేకం అనుకుంటాను. ఒక పెద్దాయన ఇంటి దస్తావేజులో ఇంటిపేరు ముందుంది, సోషల్ సెక్యూరిటీ కార్డులో చివరుంది, పన్ను రిటర్నులో ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించి ఉంది. ముగ్గురు మనుషుల్లా కనిపించేసరికి ఆయన ఫారం ఎక్కడో ఆగింది. ఫోన్ చేస్తే గంటల తరబడి పాట వినిపించడమే తప్ప మనిషి పలకలేదు. ఆయన్ని వెంటబెట్టుకుని శాసనసభ్యుల ఆఫీసుకు వెళ్లాం. తన వివరాలు ఆరా తీయడానికి అనుమతిస్తూ ఆయన ఒక కాగితం మీద సంతకం పెట్టారు, అక్కడున్న అమ్మాయి మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఫోటోకాపీలు తీసి, ఈ ముగ్గురూ ఒకరే అని వివరంగా రాసి సంబంధిత శాఖకు పంపింది. కొన్ని వారాలకు చెక్కు వచ్చింది. పైసా ఖర్చు లేదు, ఎవరి సిఫారసూ లేదు. మన ఊళ్లో ఎమ్మెల్యే గారింటి ముందు పొద్దున్నే నిలబడే అలవాటున్న ఆయనకు ఈ పద్ధతి చాలా నచ్చింది, ఇప్పుడు తన తోటివాళ్లందరినీ అక్కడికి పంపిస్తున్నారు.

65 లోపు వాళ్ల సంగతి వేరు. సొంత ఇల్లున్నవాళ్లకు ఆదాయాన్ని బట్టి యాంకర్ కింద 1,500 గానీ 1,000 గానీ వస్తుంది. చాలామందికి ఆగస్టులో ఉత్తరం వచ్చింది, అందులో వివరాలు సరిగ్గా ఉంటే ఏమీ చేయనక్కర్లేదు. ఇల్లు మారినవాళ్లు, బ్యాంకు మార్చినవాళ్లు మాత్రం మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. అద్దెకుంటున్నవాళ్లకు, ఆదాయం లక్షన్నర డాలర్లు మించకపోతే, 450 డాలర్లు. అపార్ట్‌మెంట్లలో ఉంటున్న మన కుర్రాళ్లు చాలామంది ఇది ఇళ్లున్నవాళ్లకే అనుకుని వదిలేస్తున్నారు. దయచేసి వదలొద్దు.

మన సభ్యుల తల్లిదండ్రులు చాలామంది కొడుకు ఇంట్లోనో కూతురి ఇంట్లోనో ఉంటారు. ఇల్లు వాళ్ల పేరున లేదు కాబట్టి స్టే ఎన్‌జే వాళ్లకు వర్తించదు, ఈ మాట చెప్పినప్పుడు కొందరు నొచ్చుకున్నారు. వాళ్లకు వేరే దారులున్నాయి. 65 దాటి, గ్రీన్ కార్డుతో వరసగా ఐదేళ్లు ఇక్కడ ఉంటే ప్రీమియం కట్టి మెడికేర్ అనే ఫెడరల్ ఆరోగ్య బీమా తీసుకోవచ్చు. దానికి తోడు మందుల ఖర్చుకు పాడ్ అనే రాష్ట్ర పథకం ఉంది, అందులో చేరితే జెనరిక్ మందుకు 5 డాలర్లు, బ్రాండ్ మందుకు 7 డాలర్లు మించి కట్టనక్కర్లేదు. 2025లో ఆదాయ పరిమితి ఒంటరివాళ్లకు 53,446, దంపతులకు 60,690 డాలర్లు. మెడికేర్ ప్లాన్ ఎంచుకోవడానికి షిప్ అనే ఉచిత సలహా కేంద్రాలు ఉన్నాయి, అక్కడ ఎవరూ ఏదీ అమ్మరు. బీపీ, షుగర్ మందులు ఇండియా నుంచి ఎవరో వచ్చినప్పుడు తెప్పించుకుని, సరిపోకపోతే రోజు విడిచి రోజు వేసుకునే అమ్మలు, నాన్నలు మన మధ్య ఉన్నారు. వాళ్ల కోసమైనా ఈ కబురు ప్రతి ఇంటికీ చేరాలి.

కరెంటు బిల్లుల మీద 2025లో వచ్చినన్ని ప్రశ్నలు ఇంకేదాని మీదా రాలేదు. జూన్ 1 నుంచి రేట్లు 17 నుంచి 20 శాతం దాకా పెరిగాయి. మన గ్రిడ్‌ను నడిపే పీజేఎం సంస్థ 2024 జూలైలో జరిపిన వేలంలో, మెగావాట్ సామర్థ్యాన్ని ఒక రోజు సిద్ధంగా ఉంచడానికి ఇచ్చే ధర 28.92 డాలర్ల నుంచి 269.92కు ఎగిరింది. డేటా సెంటర్లతో గిరాకీ పెరగడం, పాత కేంద్రాలు మూతపడటం, కొత్తవి ఆలస్యం కావడం అన్నీ కలిశాయి. శాసనసభ్యులు దీనిమీద విచారణలు పెట్టారు, రాష్ట్రం సెప్టెంబర్, అక్టోబర్ బిల్లుల్లో 50 డాలర్ల చొప్పున తగ్గించింది. అది వేసవి బిల్లుకు కంటితుడుపే, నేను అలాగే అనుకుంటున్నాను, మా సభ్యుల మాట కూడా ఇదేనని లేఖ రాశాం.

ఇల్లు అమ్మే ఆలోచన ఉన్నవాళ్లు ఇది గుర్తుంచుకోండి. పది లక్షల డాలర్లు దాటిన ఇంటి మీద 1 శాతం ఫీజు ఇదివరకు కొనేవాళ్లు కట్టేవాళ్లు. 2025 జూలై 10 నుంచి అది అమ్మేవాళ్ల మీద పడింది, 20 లక్షలు దాటితే 2 శాతం, అలా పెరుగుతూ 35 లక్షలు దాటితే 3.5 శాతం. మన చుట్టుపక్కల ఇళ్ల ధరలు చూస్తే ఇది కోటీశ్వరుల గొడవ కాదని మీకే తెలుస్తుంది.

మే 16 నుంచి మూడు రోజులు న్యూజెర్సీ ట్రాన్సిట్ రైలు డ్రైవర్లు సమ్మె చేసినప్పుడు మెట్రోపార్క్, ఎడిసన్, ప్రిన్స్‌టన్ జంక్షన్ల నుంచి న్యూయార్క్ వెళ్లే మనవాళ్లకు ఏ బస్సు ఎక్కడుందో గ్రూపులో గంట గంటకూ చెప్పిన వలంటీర్లకు పేరుపేరునా కృతజ్ఞతలు. జూలై 1న చార్జీలు మళ్లీ 3 శాతం పెరిగాయి.

బడ్జెట్ మీద ట్రెంటన్ శాసనసభ కమిటీలు వసంతంలో జనం మాట వింటాయి. మన సభ్యులు కొందరు వెళ్లి మాట్లాడారు. ఇచ్చేది కొద్ది నిమిషాలే, కాగితం చూసి చదివితే గంట కొట్టేస్తారు, అందుకని మా వాళ్లు ముందు రోజు రాత్రి ఫోన్‌లో ఒకరికొకరు అప్పజెప్పుకున్నారు. మనం అడిగింది భాష గురించి. ప్రభుత్వ శాఖలు ముఖ్యమైన పత్రాలను ఇంగ్లీషు కాక, ఎక్కువమంది మాట్లాడే 7 భాషల్లోకి అనువదించాలని 2024 జనవరిలో చట్టం వచ్చింది. మన చేతికొచ్చిన ఫారాల్లో తెలుగు కనిపించలేదు. మిడిల్‌సెక్స్ కౌంటీలో ఏ పార్కులో చూసినా సాయంత్రం తెలుగు వినిపిస్తుంది, ఏ కిరాణా కొట్లో చూసినా గోంగూర దొరుకుతుంది, అలాంటి చోట తెలుగులో కనీసం ఒక పేజీ సారాంశమైనా ఇవ్వండని అడిగాం. ఇంకా జవాబు లేదు, మళ్లీ అడుగుతాం.

ఆసియా అమెరికన్ల చరిత్రను స్కూళ్లలో చెప్పాలనే చట్టం 2022 జనవరి నుంచే ఉంది, ఇల్లినాయ్ తర్వాత అలా చేసిన రెండో రాష్ట్రం మనదే. అది మీ పిల్లల క్లాసులో ఎంతవరకు జరుగుతోందో అడగండి, చట్టం ఉన్నంత మాత్రాన పాఠం చెప్పినట్టు కాదు.

నవంబర్ 4న గవర్నర్‌తో పాటు అసెంబ్లీలోని 80 సీట్లకూ ఎన్నికలు జరిగాయి. మనది లాభాపేక్ష లేని సంస్థ, అమెరికా పన్ను చట్టంలోని 501సీ3 నిబంధన ప్రకారం ఏ అభ్యర్థినీ సమర్థించకూడదు, వ్యతిరేకించకూడదు. అందుకే ఉగాది వేదిక మీదకు రెండు పార్టీలవాళ్లనూ పిలిచాం, ఓటు నమోదు గడువు, ముందస్తు ఓటింగ్ తేదీలు మాత్రమే చెప్పాం. దీనిమీద కొందరు సభ్యులు కోపగించుకున్నారు, కమిటీ తన మాట మీద నిలబడింది, ఇకముందూ నిలబడుతుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు మరోసారి: లైసెన్సు పని మీద వెళ్లినప్పుడు ఓటరుగా నమోదు చేయమంటారా అని అడిగితే వద్దనే చెప్పండి. పొరపాటున నమోదయితే రేపు పౌరసత్వం దగ్గర పెద్ద చిక్కు.

ఉగాదికి వచ్చిన శాసనసభ్యులకు శాలువా కప్పి, వాళ్లిచ్చే ప్రొక్లమేషన్ (అభినందన పత్రం) అందుకుని ఫోటో దిగడం మన ఆనవాయితీ. అవీ ఉండాలి, కాదనను. కానీ వేదిక దిగాక అదే మనిషి చేతిలో మన సభ్యుల పనుల కాగితం పెట్టాలి, ఈసారి పెట్టాం. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ మేరీలాండ్ శాసనసభలో పనిచేసి 2023లో ఆ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. హైదరాబాద్‌లోనే పుట్టిన గజాలా హష్మీ వర్జీనియా సెనేట్ నుంచి 2025 నవంబర్‌లో అక్కడి లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. మన పిల్లల్లో రాజకీయాల మీద ఆసక్తి ఉన్నవాళ్లు శాసనసభ్యుల ఆఫీసులో వేసవి ఇంటర్న్‌షిప్ అడగండి. అందరూ కోడింగ్ క్యాంపుకే వెళ్లాలని లేదు.

టోల్ బాకీ ఉందనీ, లైసెన్సు రద్దవుతుందనీ వచ్చే టెక్స్ట్ మెసేజ్‌ల లింకులు నొక్కొద్దు, డబ్బు పోగొట్టుకున్నవాళ్లు మనలోనే ఉన్నారు. అనుమానం వస్తే ముందు మాకు పంపండి.

ఈ ఏడాదికి కావలసింది మనుషులు. ఇంగ్లీషు ఈమెయిల్ చదివి నాలుగు తెలుగు వాక్యాల్లో రాయగలవాళ్లు, వాట్సాప్ చూడని పెద్దవాళ్లకు ఫోన్ చేసే ఓపిక ఉన్నవాళ్లు, కారులో ఎక్కించుకుని ఆఫీసుకు తీసుకెళ్లగలవాళ్లు. 2025 సంవత్సరపు పాస్-1 ఫారాల కోసం ఇంటి పన్ను బిల్లు, దస్తావేజు నకలు, పన్ను రిటర్ను ఒక కవరులో పెట్టుకోండి, మూడింట్లోనూ పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. సాయం చేయదలచినవాళ్లు సర్వసభ్య సమావేశంలో పేరిచ్చి వెళ్లండి, ఆ రోజు భోజనం ఏర్పాటు ఉంది.

మీ
కార్యదర్శి