సుంకం తగ్గితే సరిపోదు, లారీ కదలాలి

సంపాదక మహాశయా,

వాణిజ్య ఒప్పందం కుదిరితే సరిహద్దు జిల్లాల దశ తిరిగినట్టేనని చాలామంది నమ్ముతున్నారు. సుంకం తగ్గినంత మాత్రాన అది జరగదు. సరుకు ఈ దేశపు మహానగరం నుంచి ఆ దేశపు మహానగరానికి పోతుంది. మధ్యలో ఉన్న ఊరికి లారీల బారు, గుంతలు పడ్డ రోడ్లు మిగులుతాయి.

అసలు దెబ్బ సరిహద్దు గేటు దగ్గర పడుతుంది. ఒక కూరగాయల లోడు సంగతే చూడండి. ఇటు ఎగుమతి పత్రం, కాటా, సీలు తనిఖీ. గేటు దాటాక మళ్లీ అవే. సుంకం లెక్కకు సరుకు ఏ రకమో చెప్పే కోడ్‌లో మొదటి 6 అంకెలే అన్ని దేశాలకూ ఉమ్మడి, ఆ తర్వాతవి ఎవరికి వారు పెట్టుకున్నవి. అక్కడ తేడా వస్తే బండి పక్కకు పెట్టిస్తారు. పురుగుమందుల అవశేషాల పరీక్షకు శాంపిల్ రాజధానికి పోతే, ఫలితం వచ్చేసరికి కాయ మెత్తబడుతుంది. అవతలి దేశంలోకి మన లారీకి అనుమతి లేకపోతే లోడంతా మరో బండిలోకి మార్చాలి. కూలీ ఖర్చుకు తోడు పెట్టెలు నలుగుతాయి. పెద్ద ఎగుమతిదారు ఈ నష్టాన్ని వంద లోడ్ల మీద సర్దుకుంటాడు. సరిహద్దు ఊరి చిన్న వ్యాపారికి ఉన్నదే ఒక్క లోడు. సుంకం రాయితీ కావాలంటే చూపాల్సిన, సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే ధ్రువపత్రానికీ 50 పెట్టెలైనా 5,000 పెట్టెలైనా కాగితాల పని దాదాపు ఒకటే. అందుకే కొందరు రాయితీ వదులుకుని పూర్తి సుంకం కడతారు, కొందరు దొంగదారి పడతారు. వాళ్లను తప్పుపట్టే ముందు ఈ లెక్క చూడాలి.

దారి లేకపోలేదు. జాంబియా, జింబాబ్వేల మధ్య జాంబెజీ నది మీదున్న చిరుండులో 2009 డిసెంబరు నుంచి లారీ ఒక్కచోటే, తాను ప్రవేశించే దేశం వైపే ఆగుతుంది. రెండు దేశాల అధికారులూ అక్కడే పని ముగిస్తారు. భవనం ఒక్కటీ కడితే ఇది సాధ్యం కాదు. పొరుగు గడ్డ మీద తమ అధికారి చేసే తనిఖీ చెల్లేలా రెండు దేశాలూ చట్టం చేయాలి. 2017 ఫిబ్రవరి 22న అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ వాణిజ్య సులభీకరణ ఒప్పందంలోనూ బండి రాకముందే పత్రాలు చూడటం, పాడయ్యే సరుకును ముందు వదలడం, ఇరువైపులా పనివేళలు కలపడం ఉన్నాయి.

ముందుగా ప్రతి గేటులో లారీ వచ్చిన సమయం, వదిలిన సమయం నమోదు చేసి నెలనెలా ప్రకటించాలి. ఎక్కువ ఆలస్యం శాంపిళ్ల వల్లేనని తేలిన చోట గుర్తింపు పొందిన ల్యాబ్‌ను గేటు పక్కనే పెట్టాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు